ముందే వేసిన తారీఖు

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. అలాంటిదాన్ని పట్టుకుని, రోజులు లెక్కపెట్టడం రానివాళ్ళు కోర్టులో ఓడించేశారంటే నాకెంత మండి ఉంటుందో మీరే ఆలోచించండి. ముప్పై రోజుల గడువిచ్చి పదిహేనో రోజున తీర్పు చెప్పేశారు. ఏ ఊరి కోర్టో మాత్రం అడక్కండి. ఉన్న పేరు రాస్తే ధిక్కారమంటారు, లేని పేరు రాస్తే అబద్ధమంటారు, ఈ వయసులో నాకు రెండూ వద్దు.

గొడవంతా ఒక కొబ్బరిచెట్టు గురించి. రేపల్లెలో మా ఇంటి వెనక, పక్కింటి గోడ వారగా ఉండేది. మేము ఇల్లు కొన్నప్పుడు నిటారుగానే ఉంది. ఒక తుపానులో వేళ్ళు కదిలి పక్కింటివైపు వంగింది. తెల్లారి మా ఆయన ఏమీ మాట్లాడకుండా బజారుకెళ్ళి ఇనపతీగ చుట్ట తెచ్చి, చెట్టు నడుముకి నాలుగు చుట్లు చుట్టి, రెండో కొస మా పెరటి మూల పాతిన ఇనప గర్డరుకి బిగించాడు. ఆయన అసలు మాట్లాడే మనిషే కాదు. ఇంట్లో మాటల డిపార్టుమెంటంతా నాదే. ఆయన చేసేదల్లా ప్రతి ఆదివారం కాఫీ తాగాక వెళ్ళి ఆ తీగని ఒకసారి వేలితో మీటి చూసి రావడం. ఆరేళ్ళ కిందట ఆయన పోయాడు. తీగ చెట్టులోకి దిగిపోయి, బెరడు దాని మీద కమ్ముకుపోయి, బిగించడానికీ తీయడానికీ వీల్లేకుండా అయింది.

నాకు కొబ్బరి పచ్చడి పడదు. కొబ్బరినీళ్ళు తాగితే జలుబు చేస్తుంది. అయినా సరే ఆ చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకునేదాన్ని కాదు. ఆయన ఈ ఇంట్లో తన చేత్తో చేసిన పని అదొక్కటే మిగిలింది మరి.

పక్కింటాయన కాలవల ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. నేను అన్నయ్య గారూ అంటాను, ఆయన టీచర్ గారూ అంటాడు. మనిషి మంచివాడే కానీ మాట మొదలుపెడితే గమ్యం చేరేసరికి మనకి నిద్రొస్తుంది. చెట్టు సంగతి చెప్పడానికి మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి వాళ్ళ కొత్త కారు అద్దం మీద కాయ పడ్డప్పుడు.

"టీచర్ గారూ, మీ చెట్టు గురించి ఒక మాట..."

"అన్నయ్య గారూ, చెట్టు నాదే. గాలి మాత్రం నాది కాదండీ," అన్నాను. పాపం, నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

రెండోసారి, "మా ఆవిడ పెరట్లో పంపు దగ్గర..." అని మొదలుపెట్టాడు. "వదిన గారు పెరట్లోకి వచ్చే ముందు చెట్టుకో మాట చెప్పి రమ్మనండి," అన్నాను. మూడోసారి, మా అమ్మాయి సీమంతానికి సంచులు సర్దుకుని నేను గేటు దాటుతుంటే ఎదురొచ్చి, "అది కాదు టీచర్ గారూ, ఆ చెట్టుకి..." అన్నాడు. రైలు టైమైందండీ, వచ్చాక మాట్లాడదామని చెప్పి రిక్షా ఎక్కేశాను. వచ్చాక నేనేం మాట్లాడలేదు.

అప్పట్నించి వదిన గారు కొత్త వేషం మొదలుపెట్టారు. పెరట్లో అంట్లు తోమడానికి కొడుకు హెల్మెట్ పెట్టుకుని వచ్చేవారు. పైట బొడ్లో దోపుకుని, నెత్తిన నల్ల హెల్మెట్‌తో పీట మీద కూర్చుని గిన్నెలు తోముతుంటే గోడ మీంచి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. వీధి వీధంతా చెప్పాను. బాపట్లలో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో నటించి మరీ చూపించాను.

తరవాత అమ్మాయి పురుడుకని బాపట్ల వెళ్ళి మూడు వారాలకి పైగా ఉన్నాను. మనవరాలు పుట్టింది. తిరిగొచ్చిన మూడో రోజు పొద్దున్నే మినప్పప్పు రుబ్బుతుంటే గేటు చప్పుడైంది. ఖాకీ సంచీ వేసుకుని ఒకతను నిలబడున్నాడు. కోర్టు అమీనా, అంటే సమన్లు ఇళ్ళకి తెచ్చిచ్చే మనిషి.

"టీచర్ గారండీ, బాగున్నారాండీ? ఇక్కడొక సంతకం పెట్టండి."

"ఏంటిది?"

"సమన్లండీ. తొరగా పెట్టండి, నాకు బస్సుందండీ."

రుబ్బు అంటుకోకుండా రెండు వేళ్ళతో పెన్ను పట్టుకుని గీసేశాను. నా కాగితాలు నాకిచ్చి, సంతకం కాగితం సంచీలో పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. తారీఖు వెయ్యలేదని ఎంతమంది పిల్లలకి ఒక్కో మార్కు కోసానో నాకే గుర్తులేదు. నేను మాత్రం నా సంతకం కింద తారీఖు వెయ్యలేదు.

కాగితాలు విప్పితే పక్కింటాయన దావా. చెట్టు తమ ప్రాణానికి ముప్పుగా ఉందనీ, తీసేసేలా ఉత్తర్వు ఇవ్వమనీ. ఇది అందిన ముప్పై రోజుల్లోగా నా జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలని కింద ఉంది. గోడ కేలండర్లో ఆ రోజు నుంచి ముప్పై లెక్కపెట్టి ఎర్ర పెన్నుతో చుట్టాను. మధ్యాహ్నం బండికి తెనాలి వెళ్ళి, నేను పనిచేసిన స్కూలు సందులోనే ఉండే ప్లీడరుగారికి వకాలతు రాసిచ్చాను.

"ఇంకా నెల టైముంది మేడం. మీరు చెప్పాల్సింది తీరిగ్గా రాసి తెండి, నేను చూసి జవాబు తయారుచేస్తా," అన్నాడాయన.

తీరిగ్గానే రాశాను. పద్నాలుగు పేజీలొచ్చింది. అందులో మొదటి నాలుగూ పక్కింటాయన గుణగణాలు. మిగతావి కూడా చెట్టు గురించి కాదనుకోండి.

పదిహేడో రోజు పొద్దున పెరట్లో మాటలు వినిపించి వెళ్ళి చూస్తే, చెట్టు కింద పక్కింటాయన, ఏటా మాకు కాయలు దింపే చెట్టెక్కే అతను నిలబడి ఉన్నారు. అతని భుజం మీద మోకు, చేతిలో గొడ్డలి.

"ఏంటన్నయ్య గారూ ఇది?"

"తీర్పొచ్చిందండీ," అని ఆయన ఒక కాగితం ఇచ్చాడు. మొహంలో గెలిచిన కళ ఏమీ లేదు, అదొక్కటే చెప్పగలను.

"నేనింకా జవాబే చెప్పందే తీర్పేంటండీ? ప్రశ్నపత్రం ఇచ్చి, పిల్లలు పెన్ను తియ్యకముందే ఫెయిలని చెప్పినట్టుంది!"

ఆ కాగితంలో ప్రతివాది, అంటే నేను, గడువులోగా జవాబు ఇవ్వలేదనీ, వాది చెప్పింది నిజమని నమ్మడమైనదనీ, పదిహేను రోజుల్లో చెట్టు తీసెయ్యాలనీ, తియ్యకపోతే వాది కోర్టు ద్వారా తీయించుకోవచ్చనీ ఉంది. తీర్పు చెప్పి రెండు రోజులే అయింది. అంటే కోర్టు నాకిచ్చిన ముప్పైలో పదిహేను మింగేస్తే, ఈయన ఆ తరవాత ఇచ్చిన పదిహేనులో పదమూడు మింగెయ్యడానికి గొడ్డలేసుకుని వచ్చాడు.

లోపలికి వెళ్ళి మడత కుర్చీ తెచ్చి చెట్టు మొదట్లో వేసుకుని కూర్చున్నాను.

"అమ్మగారండీ, లేవండి. నేను పైకెక్కితే కాయలు మీ నెత్తిన పడతాయండి," అన్నాడు చెట్టెక్కే అతను.

"పడనీ. ఎవరికి శిక్ష పడుతుందో చూద్దాం."

"ఇదెక్కడి గోలండీ బాబూ," అని అతను మోకు తీసి నేల మీద పడేశాడు.

పక్కింటాయన చేతులు నలుపుకుంటూ, "అది కాదు టీచర్ గారూ, వాయుగుండం ఉందంటున్నారు టీవీలో. ఆ చెట్టుకి..." అన్నాడు. "తీర్పులో పదిహేను రోజులని ఉంది. మీకు చదవడం వచ్చుగా?" అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళు గేటు దాటాక అరగంట సేపు నేను ఆ కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ వస్తారేమోనని భయం. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తెనాలిలో ప్లీడరుగారు ఫోన్లో కేసు నంబరు కొట్టి చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఎక్స్‌పార్టీ చేసేశారు మేడం. మీరు జవాబివ్వలేదని ఒకళ్ళ మాటే విని డిక్రీ ఇచ్చేశారు. ఇంకా టైముందని నేను ఆ రోజు గుంటూరులో వేరే కేసుకెళ్ళాను. వీళ్ళ లెక్కలో ముప్పై దాటిపోయింది."

"నేను సంతకం పెట్టి పదిహేను రోజులే అయిందండీ అప్పటికి!"

రెండు రోజుల తరవాత రికార్డు తీయించి చూపించాడు. నా సంతకం నాదే, పిల్లి బురదకాలితో నడిచినట్టుంది కానీ నాదే. దాని పైన 'ప్రతివాదికి స్వయంగా ఇచ్చితిని' అని అమీనా రాత. పక్కన తారీఖు. అది నేను సంతకం పెట్టిన రోజుకి సరిగ్గా పదిహేడు రోజుల ముందుది.

జడ్జిగారు కొత్తగా వచ్చారట. నెలాఖరుకి ఇన్ని కేసులు తేల్చామని పైకి లెక్క చూపించుకోవాలట. అడిగితే ఇంకొంచెం గడువివ్వడానికి చట్టంలో వీలుందిట కానీ, అడగడానికి మావైపు ఎవరూ లేరు. ఆ రోజు ముందు కనపడ్డ ఫైలు తేల్చేశారు, అంతే. నాకు కొత్తేం కాదు, మార్చి వస్తే మా స్కూల్లో సిలబస్ కూడా ఇలాగే పూర్తయ్యేది. రిజిస్టర్లో పూర్తయ్యేది, పిల్లల బుర్రల్లో కాదు.

"ఆ తారీఖున మీరు రేపల్లెలో లేరని చూపించగలరా?" అన్నాడు ప్లీడరు.

ఫోన్ తీశాను. బాపట్లలో మనవరాలికి నలుగు పెట్టి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తున్న ఫోటో. జుట్టంతా రేగిపోయి దెయ్యంలా ఉన్నాను. కింద తారీఖు, టైముతో సహా ఉంది. అలాంటివి పదకొండున్నాయి.

ప్లీడరు కళ్ళు మెరిశాయి. "ఇంకేం మేడం! డిక్రీ కొట్టెయ్యమని పిటిషన్ వేద్దాం. ఈలోగా చెట్టు జోలికి రాకుండా స్టే అడుగుదాం. అమీనా ఉద్యోగం మాత్రం గోవిందా."

"పోనివ్వండి. నాకేంటి?" అన్నాను. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. పక్కింటాయనే అమీనాకి కాఫీ పోసి ఆ తారీఖు రాయించుంటాడని కూడా అప్పటికే తేల్చేశాను. వాదీ నేనే, జడ్జీ నేనే, బంట్రోతూ నేనే.

స్టే వచ్చింది. వాయుగుండం ఎటో పోయింది. పిటిషన్ విచారణకి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం అమీనా మా ఇంటికొచ్చాడు. ఈసారి సంచీ లేదు. నలభై దాటిన మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను గుర్తుపట్టలేదాండీ టీచర్ గారూ? తెనాలిలో టెన్త్ మీ దగ్గరే చదివానండీ. బి సెక్షను."

గుర్తు పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళలో చదువు చెప్పిన పిల్లలందర్నీ గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు. "తారీఖు ఎవరు వెయ్యమన్నారు?" అని అడిగాను, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా.

"ఎవరూ వెయ్యమనలేదండీ. పొద్దున ఆఫీసులో కాగితాలు తీసుకున్నప్పుడే అన్నిటి మీదా ఆ రోజు తారీఖు వేసేసుకుంటానండీ. మా వాళ్ళందరూ అంతే. నాకు ఇటు మీ వీధి నుంచి అటు అడవులదీవి దాకా ఉందండీ. ఒక్కో ఇంటి ముందు నిలబడి అవన్నీ రాస్తా కూర్చుంటే బస్సెళ్ళిపోద్దండీ. ఆ రోజు మీ ఇంటికొచ్చానండీ, తాళం వేసుంది. తారీఖు కొట్టేస్తే కాగితం పాడుచేశావంటారు. మళ్ళీ వచ్చినప్పుడు మీరు సంతకం కింద మీ తారీఖు వేస్తారు కదా, అదే లెక్కలే అనుకున్నానండీ. లెక్కల టీచర్ కదండీ మీరు."

"అంటే తప్పు నాదంటావా?"

"అబ్బెబ్బే, లేదండీ. నాదేనండీ. కోర్టులో అడిగితే ఉన్నదున్నట్టు చెప్తానండీ. ఆ మాట మీకు చెబ్దామనే వచ్చాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక బస్సు కోసం! నీ బోడి బస్సు కోసం నా చెట్టు కొట్టించేద్దామనుకున్నావా!" అని అరిచాను.

అతను తల వంచుకుని, చాలా మామూలుగా అన్నాడు. "బస్సు తప్పితే ఎలా ఉంటదో మీకు తెలీనిదేముందండీ. మీరూ రైలు మనిషే కదండీ."

వెటకారం లేదు అందులో. ఉంటే నాకు సులువుగా ఉండేది, నాలుగు తిట్టి పంపించేసేదాన్ని. నేను రైలు మనిషినే. తెనాలి నుంచి రేపల్లెకి సాయంత్రం బండి స్కూలు వదిలిన పావుగంటకే ఉండేది. అది తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది. అందుకని మధ్యాహ్నం పరీక్షలకి నేను డ్యూటీ ఉంటే, గంట కొట్టడానికి పదినిమిషాల ముందే పేపర్లు లాక్కునేదాన్ని. రోజూ కాదు కానీ, చాలా ఏళ్ళు. పిల్లలు గోల పెడితే, "రెండున్నర గంటల్లో రాయనివాడు పదినిమిషాల్లో ఏం రాస్తాడర్రా," అనేదాన్ని. జంపని స్టేషను దాటేసరికి కిటికీ పక్కన కూర్చుని సగం పేపర్లు దిద్దేసేదాన్ని కూడా. ఆ చురుకుదనానికి నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

"నీ పేపరు కూడా లాక్కున్నానా?" అన్నాను.

"అందరివీ లాక్కునేవారండీ," అని నవ్వాడు. "నేనేం రాసేవాణ్ణి కాదులెండి ఆ పదినిమిషాల్లో. నాకు లెక్కలొస్తే కదాండీ. కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చునేవాణ్ణేమో. అయినా ఉంటే బాగుండేదనిపించేదండీ."

మంచినీళ్ళిచ్చాను. తరవాత కాఫీ కూడా ఇచ్చాను.

కోర్టులో అతను చెప్పినట్టే చెప్పాడు. జడ్జిగారు మా అమ్మాయి వయసావిడ. నా వైపు తిరిగి, "మీ సంతకం కింద తారీఖు ఎందుకు వెయ్యలేదమ్మా?" అని అడిగింది. "చేతికి రుబ్బుందండీ," అన్నాను. కోర్టంతా నవ్వింది, ఆవిడ కూడా నవ్వు బిగబట్టింది. అంతటితో నా నోరు ఊరుకోలేదు, "అతని ఉద్యోగం జోలికి..." అని మొదలుపెట్టబోతే ప్లీడరు నా కాలు తొక్కాడు.

"అది మీ పని కాదమ్మా," అంది ఆవిడ.

అతనికి మెమో ఇచ్చారు, ఉద్యోగం నిలిచింది. డిక్రీ కొట్టేశారు. జవాబు దాఖలు చెయ్యడానికి ఆ రోజు నుంచి మళ్ళీ ముప్పై రోజులిచ్చారు. బయటికొచ్చి స్వీట్లు కొని రైల్లో పరిచయం లేనివాళ్ళకి కూడా పంచాను.

కష్టం తరవాత మొదలైంది. నా పద్నాలుగు పేజీలు చదివి ప్లీడరు కళ్ళద్దాలు తీశాడు. "మేడం, ఇవన్నీ పక్కన పెట్టండి. ఈ చెట్టు వల్ల పక్కింటివాళ్ళకి ప్రమాదం లేదు, ఈ ఒక్క వాక్యం కావాలి. ఉన్నదే రాయాలి సుమండీ, ప్రమాణం చేసి సంతకం పెడుతున్నారు."

"దానికేం, కొలిచి మరీ రాస్తాను," అన్నాను. అన్నానే కానీ ఇరవై రోజులు ఏదో ఒక వంకతో పెరట్లోకి వెళ్ళలేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున కర్ర, టేపు, తెల్లకాగితం పట్టుకుని దిగాను. పదో తరగతి లెక్కే. కర్ర నీడ కొలిచి, చెట్టు నీడ కొలిచి, ఎత్తు కట్టాను. కాయలు రాలేచోటు కొలిచి కర్ణం కట్టాను. చెట్టు పొడవు వచ్చింది. పడితే అంత దూరం పడుతుంది. ఇంక ఆ దూరం కొలవాలి.

గోడ మీంచి పిలిచాను. "వదిన గారూ, ఈ టేపు కొస కాస్త పట్టుకుంటారా?"

వదిన గారు హెల్మెట్‌తోనే వచ్చి పట్టుకున్నారు. ఎందుకని అడగలేదు పాపం. నేను చెట్టు మొదట్లో కూర్చుని టేపు వదులుతున్నాను. "ఇంకా వెళ్ళండి. ఇంకా. ఇంకొంచెం. ఆ, ఆగండి."

ఆగారు. తలెత్తి చూశాను. పంపు దగ్గర, అంట్లగిన్నెల మధ్యలో, ఆవిడ రోజూ వేసుకునే పీట పక్కన నిలబడి ఉన్నారు. హెల్మెట్ అద్దం పైకెత్తి, "ఇక్కడేనాండీ?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. లెక్క మళ్ళీ చేశాను. సాయంత్రం నీడతో ఇంకోసారి చేశాను. జానెడు తేడాతో అదే వచ్చింది. అప్పుడు వెళ్ళి తీగ చూశాను. చెట్టు దగ్గర గట్టిగానే ఉంది. గర్డరు దగ్గర, ఆయన మెలి వేసి కట్టినచోట, తుప్పు తినేసి నాలుగు పేటల్లో రెండే మిగిలాయి. ఆదివారం కాఫీ తాగాక వెళ్ళి ఒక్కసారి చూసుంటే తెలిసేది. ఆరేళ్ళలో మూడొందల ఆదివారాలున్నాయి, నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్ళాను. "అన్నయ్య గారూ, మూడుసార్లు మీ మాట మధ్యలో ఆపాను. గొడ్డలితో వచ్చిన రోజు నాలుగోసారి. ఇప్పుడు చెప్పండి. ఎంతసేపైనా వింటాను."

ఆయన కంగారుపడి కుర్చీ తుడిచి వేశాడు. గమ్యం చేరడానికి ఈసారి కూడా చాలాసేపు పట్టింది, కారు అద్దం దగ్గర మొదలుపెట్టి తుపాను దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. నేను నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

"అది కాదు టీచర్ గారూ, చెట్టుకి మాస్టారు కట్టిన తీగ ఉంది చూడండి," అన్నాడు చివరికి. మా ఆయన మాస్టారు కాదు, నా వల్ల ఆయన్నీ అలాగే పిలిచేవాళ్ళు. "ఆయన ప్రతి ఆదివారం దాన్ని చూసేవారండీ. నేను మా గోడ మీంచి ఏమండీ బావుందా అనేవాణ్ణి, బావుందనేవారు. ఆయన పోయాక దాన్ని ఎవరూ చూట్టంలేదు. అది మీకు చెబ్దామనే వచ్చానండీ మూడుసార్లూ. కోర్టుకెళ్తేనన్నా వింటారేమోనని."

నాకు ఏడుపొచ్చింది. వదిన గారి ముందే ఏడ్చాను. ఆవిడ హెల్మెట్ పక్కన పెట్టి మంచినీళ్ళు తెచ్చారు.

మర్నాడు ప్లీడరుకి ఫోన్ చేసి, చెట్టు నేనే తీయించేస్తానని ఒక్క పేజీ రాసి కోర్టులో ఇచ్చెయ్యమన్నాను. గెలవాల్సిన కేసని బాధపడ్డాడనుకుంటాను.

"సరే మేడం. రేపే తీయించేస్తున్నారా అయితే?"

"రేపెందుకు? గడువింకా ఉందిగా."

"జవాబు ఇచ్చేస్తున్నారు కదా, ఇంక గడువుతో పనేముంది?"

"గడువు నాకిచ్చింది కాదుటండీ? మిగిలిన రోజులు నావి. ముప్పయ్యో రోజు సాయంత్రం అయిదింటికని రాయండి."

ఆ రోజే చెట్టెక్కే అతన్ని పిలిచి, తీగకి తోడు కొత్త మోకు రెండు వరసలు కట్టించాను. వదిన గారిని మా పంపు దగ్గరికొచ్చి అంట్లు తోముకోమన్నాను. ఆవిడ రోజూ వచ్చి తోముకునేవారు, ఉత్త తలతో. నేను మడత కుర్చీ వేసుకుని, చెట్టు వంగని వైపు కూర్చుని కాఫీ తాగేదాన్ని. ఆ మధ్యలో ఒక ఆదివారం వచ్చింది. కాఫీ తాగాక లేచి తీగని వేలితో మీటాను. చిన్న చప్పుడొచ్చింది. ఆయన ఇన్నేళ్ళూ విన్నది ఇదేనా అనుకున్నాను.

ముప్పయ్యో రోజున చెట్టెక్కే అతన్ని అయిదింటికి రమ్మంటే ముందే వచ్చేశాడు. ఈ లోకంలో ఎవరికీ ఆగే ఓపిక లేదు. మోకు విప్పి, గొడ్డలి అంచు బొటనవేలితో చూసుకుని, "మొదలెట్టెయ్యనాండీ అమ్మగారూ?" అన్నాడు.

గడియారం చూశాను. "ఇంకా పదినిమిషాలుంది. ఆగు."

"పదినిమిషాల్లో ఏం చేస్తారండీ?" అన్నాడు.

అతను గొడ్డలి కింద పెట్టి గోడ నీడన కూర్చున్నాడు. నేను ఏమీ చెయ్యలేదు. బెరడు కింద తీగ ఉన్నచోట చెయ్యి వేసి, అయిదయ్యేదాకా నిలబడ్డాను.